రెండో కేబుల్

నేను ఉద్యోగం మానేసిన రోజున ఆఫీసులో శాలువా కప్పి, దండ వేసి, దాన్ని రిటైర్మెంట్ అన్నారు. నేనూ కాదనలేదు. నిజానికి నాకింకా ఆ వయసు రాలేదు. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ మీద ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటుంటే నా అరచేతులకు చెమటలు పట్టడం మొదలైంది. ఆ చేతులతో ఇక కేబుల్ పట్టుకోలేనని తెలిసి మానేశాను.

కంప్యూటర్లూ నెట్‌వర్కులూ చూసుకునే పనిలోకి ఇప్పుడు చాలామంది వస్తున్నారు. వాళ్లలో కొందరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "గది నిండా ఉండే పాత మెయిన్‌ఫ్రేమ్‌ను అరచేతిలో పట్టే బోర్డు మీద నడిపించింది మీరేనట గదా సార్, ఎట్లా చేశారు?" అని అడుగుతారు. ఆ కథ చాలాసార్లు చెప్పాను, మెప్పూ పొందాను. ప్రతిసారీ ఒక చోటికి రాగానే ఆపేసేవాణ్ణి. ఈసారి ఆపకుండా రాస్తున్నాను.

పెద్ద యంత్రం, చిన్న బోర్డు

గుంటూరు చుట్టుపక్కల పత్తి మిల్లులూ మిర్చి కోల్డ్ స్టోరేజీలూ ఉన్న ఒక కంపెనీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. ఏ రైతు ఎన్ని టిక్కీల మిర్చి తెచ్చాడు, ఏ ఛాంబర్లో ఏ వరసలో పెట్టాం అన్న సమాచారమంతా ఆ పెద్ద యంత్రంలో ఉండేది. టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. వరస తప్పు చూపిస్తే ఒకరి సరుకు ఇంకొకరి లారీ ఎక్కుతుంది, ఆ తర్వాత గేటు ముందు జరిగేది మీరు ఊహించుకోవచ్చు.

నాకు పని నేర్పిన సత్యనారాయణ గారు తక్కువ మాట్లాడే మనిషి. నేను చేరిన కొత్తలో ఒక ప్రింటరు తీగ పీకబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"దీని మీద ఇంకెవరు ఆధారపడ్డారో కనుక్కున్నావా?"

"ప్రింటరొక్కటే కదండీ."

"కాలవకి గండి కొట్టేవాడూ అట్లాగే అనుకుంటాడోయ్, నా చేను తడిస్తే చాలని. దిగువన ఎవరున్నారో చూసి రా పో."

వెళ్లి చూస్తే అదే తీగ మీద పక్క గదిలో ఇంకో టెర్మినల్ నడుస్తోంది. ఆ రోజు నవ్వుకున్నాను. ఆయన చెప్పిన ఆ ఒక్క మాట పాటించి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

తర్వాత విడిభాగాలు దొరక్క ఆ యంత్రాన్ని పాత ఇనుముకి అమ్మేశారు. యజమాని వెంకట్రామయ్య గారు మాత్రం ప్రోగ్రాం మార్చడానికి ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లలో ఒక్క టిక్కీ జాడ తప్పు చెప్పలేదయ్యా అది. కొత్తదాన్ని నమ్మి రైతుల చేత తిట్లు తినమంటావా?" అన్నారు.

అప్పుడు నేను ఎమ్యులేటర్ పట్టుకున్నాను. అది ఒక చిన్న కంప్యూటర్ చేత పెద్ద యంత్రం వేషం కట్టించే ప్రోగ్రాం. లోపలి పాత సాఫ్ట్‌వేర్‌కు తను వేషగాడి ఒంట్లో ఉన్నానని తెలియదు. సరదాగా ఇలాంటివి చేసుకునేవాళ్లు కొనే చవక బోర్డు ఒకటి తెచ్చి, మా ఇంట్లో భోజనాల బల్ల మీద మొదలుపెట్టాను. పాత పచ్చ అక్షరాలు తెర మీదికి వచ్చినప్పుడు మా ఆవిడను వంటింట్లోంచి పిలిచి చూపించాను. ఆవిడ చూసి, "బానే ఉంది, ఇక పళ్లాలు పెట్టుకోనిస్తారా?" అంది.

యంత్రం లేచినంత సులువుగా నెట్‌వర్క్ లేవలేదు. బోర్డుకు ఒక చిరునామా ఉంటుంది. దానిలో వేషం కట్టిన పాత యంత్రానికి వేరే చిరునామా కావాలి. ఇద్దరికీ బయటికి వెళ్లే తీగ ఒక్కటే. ఒకే గుమ్మంలోంచి రెండు కాపురాల వాళ్లు వచ్చిపోవాలన్న మాట. అందుకోసం బోర్డు లోపల ఒక బ్రిడ్జి కట్టాలి. బోర్డుకు తీగ గుచ్చే అసలు పోర్టునీ ఎమ్యులేటరు సృష్టించిన ఉత్తుత్తి పోర్టునీ ఆ బ్రిడ్జికి కలపాలి.

మొదట వైర్‌లెస్ మీద కట్టబోయి చాలా రోజులు పోగొట్టుకున్నాను. ఇంట్లోని రూటరు బోర్డునే గుర్తుపడుతుంది. దాని వెనకనుంచి ఇంకో పేరుతో మాట్లాడేవాణ్ణి లోపలికి రానివ్వదు. మీరు ఆ దారిన పోకండి, తీగ పెట్టుకోండి. తర్వాత, దూరం నుంచి లాగిన్ అయి అదే తీగను బ్రిడ్జిలోకి మార్చాను. బోర్డు చిరునామా బ్రిడ్జికి ఇవ్వకుండానే మార్చడంతో కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టయింది. బోర్డు దగ్గరికి కీబోర్డు మోసుకెళ్లాల్సి వచ్చింది. ఈ రెండు తప్పులూ నేను నవ్వుతూ చెప్పేవాణ్ణి. వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి.

ఘాటు

బోర్డును నల్లపాడు దగ్గరి కోల్డ్ స్టోరేజీలో, గేటు పక్క గదిలో పెట్టాం.

మిర్చి కోల్డ్ స్టోరేజీలోకి ఎప్పుడూ అడుగుపెట్టని వాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. అక్కడ అందరూ దగ్గుతారు. అందరి కళ్లూ నీళ్లు కారతాయి. కొత్తవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు, పాతవాళ్లు దగ్గుతూనే జోకులు వేసుకుంటారు. టిక్కీలు మోసే ముఠాకు మేస్త్రి కోటయ్య. "ఏరా, అత్త పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు గదరా నువ్వు" అని కుర్రకారును ఆటపట్టించేవాడు.

ఆ ఛాంబర్లను చల్లబరిచేది అమ్మోనియా. గొట్టాల్లో ఉన్నంత సేపు అది మన పనివాడు. బయటికి వస్తే కళ్లనూ ఊపిరితిత్తులనూ కాల్చేస్తుంది. ఆ ప్లాంటు చూసుకునేవాడు దేవసహాయం. గొంతు పెద్దది, కోపం ఎక్కువ. ఆదివారం చర్చిలో పాడితే మైకు అక్కర్లేదని వాళ్ల పాస్టరు గారే అనేవారట. ఛాంబర్లలో గ్యాస్ సెన్సర్లు ఉండేవి. వాటి కబురు గేటు గదిలో గోడకున్న పెట్టెకు చేరేది. గ్యాస్ ఉంటే ఎర్ర దీపం వెలిగి సైరన్ మోగాలి, లేకుంటే పచ్చ దీపం. మిర్చి దుమ్ముకు ఆ సెన్సర్లు ఊరికే బెదిరిపోయేవి. సైరన్ మోగినప్పుడల్లా దేవసహాయం తిట్టుకుంటూ ప్లాంటు గదిలో దాన్ని ఆపే బటన్ నొక్కి, ఛాంబర్ చూసి వచ్చాక వదిలేవాడు. ఆ బటన్ మీద అక్షరాలు అతని బొటనవేలికి అరిగిపోయాయి. ఈ అలవాటు అందరికీ తెలుసు.

సెన్సర్లకు మొదట విడిగా కేబుల్ ఉండేది. ఎలుకలు కొరికితే, మళ్లీ లాగడం ఎందుకని వాటిని ఆఫీసు నెట్‌వర్క్ స్విచ్‌కే కలిపేశాను. అందరి తీగలూ ఒకే చోటికి వచ్చాయి. చూడ్డానికి శుభ్రంగా ఉందని వెంకట్రామయ్య గారు మెచ్చుకున్నారు కూడా.

ఆ పెట్టె గురించి నాకు అప్పుడు తెలియనిది, నేను కనుక్కోవాల్సినది ఒకటుంది. సెన్సర్ల నుంచి కబురు ఆగిపోతే అది ఆ సంగతి చెప్పదు. చివరగా వచ్చిన కబురునే చూపిస్తూ ఉండిపోతుంది.

ఆ రోజు

మిర్చి సీజను. గేటు బయట లారీలు రోడ్డు మీదికి వచ్చేశాయి. పొద్దున కరెంటు పోయి వచ్చాక, గేటు కంప్యూటరు పాత యంత్రంతో మాట్లాడటం మానేసింది. నన్ను పిలిచారు.

బోర్డు పలుకుతోంది. దాని లోపలి పాత యంత్రం పలకడం లేదు. ఇప్పుడు ఈ మాట వినగానే మీలో తెలివైనవాళ్లకు జవాబు తట్టి ఉంటుంది. బోర్డు మళ్లీ లేచినప్పుడు ఉత్తుత్తి పోర్టు బ్రిడ్జికి కలవలేదు. ఒక్క ఆజ్ఞతో సరిపోయే పని. నేను అది చూడలేదు. వెనక వెంకట్రామయ్య గారు నిలబడి ఉన్నారు, లారీ డ్రైవర్లు కిటికీలోంచి తొంగి చూస్తున్నారు.

"ఏవయ్యా, ఎంతసేపు?"

"కేబులేమోనండీ. ఇంకోటి కూడా వేసేస్తాను. ఒకటి పోయినా ఇంకోటుంటుంది."

"వెయ్యి మరి, చూస్తావేంది?"

బోర్డుకు ఇంకో నెట్‌వర్క్ పోర్టు తగిలించాను. రెండో కేబుల్ తీసి అదే స్విచ్‌లో గుచ్చాను. మొదటిది తీయకుండానే ఆ కొత్త పోర్టునూ బ్రిడ్జిలో కలిపాను. బోర్డు ఎన్నిసార్లు లేచినా అలాగే ఉండేట్టు రాసిపెట్టాను.

బ్రిడ్జి అనేది రెండు గట్లను కలపాలి. నేను దాని రెండు చివర్లూ ఒకే గట్టు మీద దించాను. ఏదో ఒక కంప్యూటరు అందరినీ ఉద్దేశించి వేసిన ఒక్క కేక ఒక కేబుల్‌లో వెళ్లి రెండో దాంట్లో తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లి, తిరిగే కొద్దీ పెరిగి, ఇంకెవరి మాటా వినపడనంత హోరైపోతుంది. అలాంటి సుడిని పసిగట్టి ఒక దారి మూసే ఏర్పాటు ఉంది. నేను దాన్ని పెట్టలేదు. స్విచ్ మీద దీపాలన్నీ ఒక్కసారిగా, ఆగకుండా వెలగసాగాయి. వాటిని చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. నెట్‌వర్క్ పుంజుకుందనుకున్నాను. గేటు కంప్యూటరు మాత్రం ఇంకా పలకలేదు. బోర్డు ఆపి మళ్లీ వేశాను. మళ్లీ ఆపి మళ్లీ వేశాను. నా నెత్తి మీద గోడకు ఆ పెట్టె పచ్చగా వెలుగుతూనే ఉంది.

అదే సమయంలో రెండో ఛాంబర్లో ఒక వాల్వు దగ్గర అమ్మోనియా కారుతోంది. లోపల కోటయ్య ముఠా టిక్కీలు పేరుస్తోంది. కళ్లు మండాయి. రోజూ మండేవే. దగ్గు వచ్చింది. రోజూ వచ్చేదే. "ఈ లోడు మహా ఘాటుగా ఉందిరోయ్" అన్నాడట కోటయ్య. అందరూ నవ్వారట. మామూలు గదిలో అయితే మొదటి గుక్కకే పారిపోయేవాళ్లు. మా దగ్గర మండటం అంటే పని జరుగుతోందని అర్థం.

ఒకడు కిందపడ్డాక అరుపులు మొదలయ్యాయి. దేవసహాయం తడి కండువా ముఖానికి చుట్టుకుని లోపలికి పరిగెత్తాడు. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. పైకి చూశాను. పచ్చ దీపం. కిందికి చూశాను. స్విచ్ మీద ఆగని దీపాలు. అప్పుడు అర్థమైంది. చేయి చాచి రెండో కేబుల్ పీకేశాను.

ఊపిరి తీసుకునేంతలో పెట్టె ఎర్రబడి సైరన్ మోగింది. అప్పటికే మనుషుల్ని బయటికి మోసుకొస్తున్నారు.

మిగతావాళ్లు ఆసుపత్రిలో కోలుకున్నారు. వాల్వుకు దగ్గరగా ఉన్న కోటయ్యకు కుడికన్ను పోయింది.

విచారణ

మనుషులు బయటికి వచ్చాక సైరన్ మోగిందని అందరూ విన్నారు. దానికి అందరికీ తోచిన అర్థం ఒక్కటే. దేవసహాయం ఎప్పటిలాగే దాని నోరు నొక్కాడు, గొడవయ్యాక వదిలాడు.

వెంకట్రామయ్య గారి గదిలో ముగ్గురమే ఉన్నాం. దేవసహాయం కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"నొక్కలేదండి బాబూ. అసలు మోగితే గదా నొక్కేది."

"రోజూ నొక్కేవాడివి ఇవాళ ఒక్కరోజు నొక్కలేదంటే ఎవడు నమ్ముతాడురా?" అని ఆయన నా వైపు తిరిగారు. "నీ తీగల్లో ఏవన్నా తేడా ఉందా?"

ఆ ప్రశ్న నేరుగానే అడిగారు. జవాబు చెప్పడానికి నాకు కావలసినంత సమయం కూడా ఉంది. ఎదురుగా దేవసహాయం ఆశగా చూస్తున్నాడు.

"ఏం లేదండీ. గేటు పని చూసుకుంటున్నాను" అన్నాను.

అతన్ని తీసేశారు. ఆ మాట పాకి, ఈ చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీ వాళ్లూ అతన్ని పెట్టుకోలేదు. నేను మర్నాడు ఉత్తుత్తి పోర్టును బ్రిడ్జికి కలిపాను, గేటు పలికింది. వెంకట్రామయ్య గారు భుజం తట్టారు.

సెన్సర్లను విడదీయాలని నాకు తెలుసు. విడదీస్తే ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి వాటిని అలాగే వదిలేశాను. ఆ తర్వాత ప్రతి సీజనులో, గేటు గదిలో కూర్చుని ఆ పచ్చ దీపాన్ని చూస్తూ, ఇది ఇప్పటి కబురా పాతదా అనుకుంటూ చెమటలు కక్కాను. చివరికి పారిపోయాను. దానికే శాలువా కప్పారు.

పనిలోకి వస్తున్నవాళ్లకు నేను ఇవ్వగలిగిన సలహా పెద్దదేమీ కాదు. పచ్చ దీపం చూసినప్పుడు, తీగ పీకితే అది ఏమవుతుందో ఒకసారి పీకి చూడండి. తప్పు చేసినప్పుడు అడగకముందే చెప్పండి. అడిగాక చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మార్టూరు

దేవసహాయం మార్టూరులో గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో ఉన్నాడని తెలిసి, మొన్న మిర్చి లారీలు మళ్లీ మొదలైన రోజుల్లో బస్సెక్కాను. మోకాళ్ల దాకా రాతి బురదతో బయటికి వచ్చాడు.

"ఏందండీ కంప్యూటరు గారూ, ఇంత దూరం? ఇంటికి బండలు కావాలా?"

నిలబడే చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా. అతను అరుస్తాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. అతను కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని, చాలాసేపు కడుక్కుని, వచ్చి రాతి పలక మీద కూర్చున్నాడు.

"నొక్కలేదని మొదట్లో నాకు తెలుసండి" అన్నాడు. "అందరూ నొక్కావు నొక్కావు అంటుంటే, తర్వాత తర్వాత నాకే అనుమానమొచ్చింది. అలవాటైన చెయ్యి గదా. నొక్కి మర్చిపోయానేమో అనుకున్నా. ఆఖరికి నేనే నొక్కాననుకుని కోటయ్య కాళ్లు పట్టుకున్నా. వాడు క్షమించాడు కూడా." ఆగి, నా ముఖంలోకి చూశాడు. "ఆ క్షమాపణ ఇప్పుడు ఎవరి దగ్గర పెట్టమంటారు?"

అతను లేచి చొక్కా మార్చుకున్నాడు.

"పదండి. వాడికి మీరే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటా."

కోటయ్య నల్లపాడులో, స్టేషను అవతల కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. నేను చెప్పడం అయ్యాక దేవసహాయం వైపు తిరిగి, "ఒరేయ్ దేవా, అయితే నువ్వు నా కాళ్లు ఊరికే పట్టుకున్నావన్న మాట" అన్నాడు.

"ఊరికేనేరా. పైగా కడుక్కోను కూడా లేదు నువ్వు."

ఇద్దరూ కాస్త నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కోటయ్య నా వైపు తిరిగాడు. నాకు తిట్లు కావాలి, అతను తిట్టలేదు. ఒక్క సంగతే అడిగాడు.

"ఆ తీగలు ఇప్పుడు ఎట్టా ఉన్నాయి సారూ?"

"రెండోది తీసేశాను."

"సెన్సర్లవో?"

"అట్లాగే ఉన్నాయి. అదే స్విచ్ మీద."

కోటయ్య కండువా అందుకుని లేచాడు. "లోపల మనుషులున్నారు గదయ్యా ఇప్పుడు" అన్నాడు.

ముగ్గురం ఆటోలో వెళ్లాం. గేటు గదిలో వెంకట్రామయ్య గారు, మమ్మల్ని ముగ్గురినీ కలిపి చూసి, కుర్చీలోంచి సగం లేచారు. స్విచ్ దగ్గరికి వెళ్లాను. సెన్సర్ల నుంచి వచ్చే కేబుల్ వెతికి పట్టుకుని పీకి, ఆ కొసను ఆయన బల్ల మీద పెట్టాను.

నలుగురం గోడ వైపు చూశాం. పెట్టె పచ్చగా వెలుగుతోంది. కాసేపు ఆగాం. ఇంకా పచ్చగానే వెలుగుతోంది.

"ఆ రోజు కూడా ఇట్లాగే ఉందండీ" అన్నాను. "దేవసహాయం నొక్కలేదు. నేను మీకు అబద్ధం చెప్పాను."

ఆయన ఆ దీపం మీంచి చూపు తిప్పకుండానే, "ముందు లోపలున్న వాళ్లందరినీ బయటికి పిలవండి" అన్నారు. దేవసహాయం వాకిట్లోకి వెళ్లి పిలిచాడు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

ఒక్కొక్కరే దగ్గుతూ, కండువాలతో కళ్లు తుడుచుకుంటూ, ఏమైందిరా అని నవ్వుకుంటూ బయటికి వచ్చారు. అది మిర్చి ఘాటే. అయినా కోటయ్య ఛాంబర్ తలుపు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాడి గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి, తన ఒంటి కంటితో వాడి రెండు కళ్లలోకీ చూసి పంపుతున్నాడు.